పడవలో అమ్మాయిని ఎవరు లెక్కపెట్టారు?

ఒక కాలేజీలో పాత ఇంగ్లీషు సినిమాలు వరసగా వేసి, ప్రతిదాని చివరా ఒకరిచేత మాట్లాడించే కార్యక్రమం పెట్టారు. నా వంతుకి వచ్చింది 'కైండ్ హార్ట్స్ అండ్ కొరోనెట్స్'. 1949 నాటి బ్రిటిష్ హాస్య చిత్రం. నాకు చాలా ఇష్టమైన సినిమా. అంతకుముందు మూడుసార్లు చూశాను. ఎక్కడ ఏ మాట వస్తుందో ముందే తెలుసు, తెలిసే నవ్వుతాను. ఆ రోజూ నవ్వాను. హాలంతా నవ్వింది. లైట్లు వేశాక మూడో వరసలోంచి ఎం.ఏ. చదువుతున్న ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఆ పడవలో అమ్మాయి పేరేంటి?" అని అడిగింది.

నాకు తెలీదు. మూడుసార్లు చూసిన సినిమా. ఎవరెవరు ఏ రకంగా చచ్చిపోతారో వరసగా అప్పజెప్పగలను. కానీ ఆ పిల్ల పేరు తెలీదు. "పేరు చెప్పలేదనుకుంటానమ్మా" అన్నాను. అధ్యక్షత వహిస్తున్న పెద్దాయన మైకు తనవైపు లాక్కుని, "ఇది బ్లాక్ కామెడీ తల్లీ. చచ్చినవాళ్ల పేర్లు ఆరా తీయకూడదు. తీస్తే నవ్వు కూడా చచ్చిపోతుంది" అన్నారు. హాలు మళ్లీ నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుండిపోయింది. నేను ఒక్క మాటైనా అనకుండా నా ఉపన్యాసంలోకి వెళ్లిపోయాను. బయట టీ తాగుతున్నప్పుడు ఆయనే దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి మేడమ్, మీ స్త్రీవాదంతో వచ్చిన చిక్కే ఇది. పిల్లలకి నవ్వడం మర్పించేస్తున్నారు" అన్నారు.

ఈ వ్యాసం ఆయనకి జవాబు. ఆ అమ్మాయికి నేను పడ్డ బాకీ.

సినిమా చూడనివాళ్ల కోసం కథ కాస్త చెప్పాలి. ఇంగ్లండులో డాస్కోయిన్ అనే డ్యూకుల వంశం. ఆ ఇంటి ఆడపిల్ల ఒక ఇటాలియన్ ఒపేరా గాయకుణ్ణి ప్రేమించి అతనితో వెళ్లిపోతుంది. ఇంటివాళ్లు ఆమెతో తెగతెంపులు చేసుకుంటారు. కొడుకు పుట్టిన రోజే భర్త గుండె ఆగి చనిపోతాడు. ఆమె ఇంట్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకుని, చాకిరీ చేసి కొడుకుని పెంచుతుంది. వాడికో దారి చూపించమని పుట్టింటికి ఉత్తరం రాస్తే నిరాకరిస్తారు. కొడుకు లూయీ బట్టల కొట్లో గుమాస్తా అవుతాడు. తల్లి ట్రాము ప్రమాదంలో చనిపోతూ, తన పుట్టింటివాళ్ల సమాధుల మధ్య తనను పూడ్చిపెట్టమని అడుగుతుంది. దానికీ ఒప్పుకోరు. అక్కడ లూయీ నిశ్చయించుకుంటాడు. తనకీ డ్యూకు పదవికీ మధ్య ఉన్న బంధువులందర్నీ ఒక్కొక్కర్నే తొలగించుకుంటూ పోతాడు. ఉరిశిక్షకి ముందురోజు రాత్రి జైల్లో కూర్చుని, ఎంతో మర్యాదైన ఇంగ్లీషులో, తన హత్యల చరిత్ర రాసుకుంటూ మనకి వినిపిస్తాడు. లూయీగా డెనిస్ ప్రైస్. డాస్కోయిన్లు ఎనిమిదిమందిగానూ ఒక్కడే, ఆలెక్ గిన్నెస్. దర్శకుడు రాబర్ట్ హేమర్, జాన్ డైటన్‌తో కలిసి స్క్రిప్టు కూడా తనే రాశాడు. తీసింది ఈలింగ్ స్టూడియో. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నూరు గొప్ప బ్రిటిష్ చిత్రాలు ఎంచితే ఇది ఆరోది.

ఇక లెక్క. ఈ సినిమా గురించి రాసిన ప్రతివాళ్లూ ఎనిమిది అంటారు. ఎనిమిదిమంది డాస్కోయిన్లు, ఎనిమిది చావులు, ఎనిమిది వేషాలు. నిజానికి లూయీ చేతిలో చచ్చేది ఆరుగురే. నౌకాదళం అడ్మిరల్ తన మొండితనం కొద్దీ తన ఓడతో పాటే మునిగిపోతాడు. బ్యాంకరు ముసలాయన షాక్ తిని పోతాడు. మరి లూయీ ఎంతమందిని చంపినట్టు? ఆరు అంటే తప్పు. ఏడు. ఏడోది, వరసలో చూస్తే మొట్టమొదటిది కూడా, ఆ పడవలో అమ్మాయే.

లూయీని కొట్లోంచి తీసేయించిన ఒక కుర్ర డాస్కోయిన్, వారాంతానికి ఒక అమ్మాయిని వెంటేసుకుని నది ఒడ్డున హోటల్లో దిగుతాడు. ఇద్దరూ చిన్న పడవలో ఒకరి ఒళ్లో ఒకరు ఉండగా లూయీ దాని తాడు విప్పేస్తాడు. పడవ కొట్టుకుపోయి ఆనకట్ట మీంచి జారిపడుతుంది. ఇద్దరూ పోతారు. అప్పుడు లూయీ గొంతు వినిపిస్తుంది: పాపం ఆ పిల్ల విషయంలో కాస్త బాధ కలిగిందట. అయితే ఆ వారాంతంలో ఆమెకి చావుకన్నా హీనమైనదేదో అప్పటికే జరిగిపోయి ఉంటుంది కదా అని సర్దిచెప్పుకున్నాడట. ఆ కాలపు ఇంగ్లీషులో 'చావుకన్నా హీనం' అంటే ఆడపిల్ల శీలం పోవడం. హాలు పగలబడి నవ్వేది ఇక్కడే. నేనూ ఇక్కడే నవ్వాను.

ఎందుకు నవ్వాను? ఆ నానుడిలోని కపటాన్ని తలకిందులు చేశారు కాబట్టి అని నాకు నేను చెప్పుకునేదాన్ని. విక్టోరియన్ నీతిని వెక్కిరిస్తున్నారు అనుకునేదాన్ని. క్లాసులో అలాగే చెప్పాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వివరణ నాకే నచ్చడంలేదు. నీతిని వెక్కిరించడానికి ఆ పిల్ల శవం ఎందుకు కావాల్సి వచ్చింది? మనకీ తెలిసిన తర్కమే ఇది. ఊళ్లో ఒక ఆడపిల్ల బావిలో తేలితే "ఎవరితోనో తిరిగేదటగా" అని నలుగురూ అనుకుంటారు. ఆ ఒక్క మాటతో చావు బరువు సగానికి తగ్గిపోతుంది. లూయీ అదే పని చేశాడు, చక్కటి ఉచ్చారణతో చేశాడు. ఉచ్చారణ బాగుంటే వ్యంగ్యం అయిపోతుందా?

మిగతా చావులకి ఇలాంటి సమర్థన అవసరం పడదు, గమనించండి. చర్చి పాదరీని విషంతో చంపినందుకూ, జనరల్ని పేల్చేసినందుకూ లూయీ సంజాయిషీ ఇచ్చుకోడు. వాళ్లు బలవంతులు, మూర్ఖులు, అతని తల్లిని వెళ్లగొట్టిన వంశం. ఆ చావుల్లో ఒక న్యాయం ఉందని ప్రేక్షకులు ముందే ఒప్పేసుకున్నారు. ఆ పిల్ల డాస్కోయిన్ కాదు. ఎవరి ఆస్తికీ అడ్డం కాదు. ఆమె చావుకి ఏ కారణమూ లేదు కాబట్టే ఒక జోకు కావాల్సి వచ్చింది.

అసలు ఈ కథంతా దేని మీద నిలబడింది? ఒక ఆడదానికి జరిగిన అన్యాయం మీద. డ్యూకు పదవి మామూలుగా మగ సంతానానికే పోతుంది. ఈ వంశంలో మాత్రం ఆడవాళ్ల ద్వారా కూడా సంక్రమిస్తుందనే ప్రత్యేక నియమం ఉంది. ఆ ఒక్క నియమం లేకపోతే లూయీ బట్టలు కొలుస్తూనే ముసలివాడయ్యేవాడు. హక్కు తల్లిది. అవమానం తల్లిది. చాకిరీ తల్లిది. టైటిల్స్‌లో చూస్తే ఆమెకీ పేరు లేదు. 'మామా' అని ఉంటుంది. ఆ వేషం వేసిన ఆడ్రీ ఫిల్డ్స్ పది నిమిషాల్లో తెరమీంచి వెళ్లిపోతుంది. తర్వాత ఆమె బాధ కొడుకు చేతిలో లైసెన్సు కాగితమైపోతుంది.

మన సినిమాల్లో తల్లి చచ్చిపోతూ కొడుకు చేతిలో చెయ్యి వేయించుకుంటుంది, అక్కణ్ణించి మూడు గంటలు వాడు నరుకుతూనే ఉంటాడు. దాన్ని మాస్ అని తీసిపారేసే మనం ఇదే సూత్రానికి టై కట్టి ఇంగ్లీషు మాట్లాడిస్తే క్లాసిక్ అంటున్నాం. ఈ మాట ఆ రోజు హాల్లో అని ఉంటే బాగుండేది. అప్పుడు తోచలేదు.

ఇక ఎనిమిదిమందిలో ఒకే ఒక్క ఆడమనిషి, లేడీ అగథా. ఓటు హక్కు కోసం పోరాడే సఫ్రజెట్. ఆమె జైల్లో ఉంటే ఆమె దగ్గరికి చేరలేడు, బయటికి వస్తే మళ్లీ కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకి పోతుంది. ఇది లూయీ ఫిర్యాదు. చివరికి ఆమె హోలోవే జైలు నుంచి విడుదలైన సందర్భంగా బెలూన్ ఎక్కి లండన్ మీద కరపత్రాలు వెదజల్లుతూ పోతుంటే, కిటికీలోంచి బాణం వేసి బెలూన్ పేల్చేస్తాడు. పడిపోతుంది. ఒక ప్రాస వాక్యం వినిపిస్తుంది. అంతే. పాదరీకి పెద్ద సన్నివేశం ఉంది. బోయర్ యుద్ధం కథ చెప్పి చెప్పి అందర్నీ విసిగించే జనరల్‌కి తన కథ చెప్పుకునే అవకాశం ఉంది. డ్యూకుకైతే వేట దృశ్యాలు, పెళ్లి ఆలోచనలు, తనే దొంగల కోసం పెట్టించిన ఇనుప బోనులో కాలు ఇరుక్కుని చచ్చే ఘట్టం, అన్నీ ఉన్నాయి. అగథాకి చెప్పుకోదగ్గ మాట ఒక్కటి లేదు. ఆమె ఎందుకు అద్దాలు పగలగొట్టిందో ఆమె నోటితో మనం వినం. జీవితమంతా తన గొంతు వినమని అడిగిన మనిషికి ఈ సినిమాలో గొంతే లేదు.

బెలూన్ ఎక్కి కరపత్రాలు చల్లడం హేమర్ పూర్తిగా ఊహించిన విషయం కాదు. 1909 ఫిబ్రవరి 16న, రాజు పార్లమెంటు ప్రారంభించడానికి బయల్దేరిన రోజు, మురియల్ మాటర్స్ అనే ఆస్ట్రేలియన్ నటి 'స్త్రీలకు ఓట్లు' అని పెద్ద అక్షరాలతో రాసిన ఎయిర్‌షిప్ ఎక్కి లండన్ మీదికి లేచింది. యాభై ఆరు పౌన్ల కరపత్రాలు, అంటే మన లెక్కలో సుమారు పాతిక కిలోలు, వెంట తీసుకెళ్లింది. గాలి వాటం కుదరక పార్లమెంటు మీదికి చేరలేకపోయింది. కరపత్రాలు చల్లుకుంటూ పోయి ఊరవతల దిగింది. అంతకు ముందు ఏడాది కామన్స్ సభలో ఆడవాళ్లు కూర్చునే గ్యాలరీకి ముందుండే ఇనుప కటకటాలకి తనను తాను గొలుసుతో కట్టేసుకున్నదీ ఆమే. ఈ సినిమా విడుదలయ్యే నాటికి ఆమె బతికే ఉంది, 1969 దాకా బతికింది. ఆమె ఈ సినిమా చూసిందా? చూసి నవ్విందా? నవ్వే ఉండొచ్చు. నటి కదా. నా అభ్యంతరం నవ్వు మీద కాదు.

నా అభ్యంతరం ఇంకొకామె దగ్గర మొదలవుతుంది. నిజమైన లేడీ అగథాలు ఉండేవాళ్లు. అందులో ఒకరు లేడీ కాన్‌స్టన్స్ లిట్టన్. ఆమె తండ్రి 1876 నుంచి 1880 దాకా మన వైస్రాయి. నాది రాయలసీమ. ధాత నామ సంవత్సరం కరువు గురించి మా ఇళ్లల్లో తరాల తరబడి చెప్పుకున్నారు. బళ్లారి, కడప, కర్నూలు ఎండి మనుషులు రాలిపోతుంటే ఢిల్లీలో దర్బారు జరిపిన లిట్టన్ ఆయనే. కనుక ఆ ఇంటిపేరు నాకు ఇంపుగా వినబడదు. ఆ కూతురి కథ చదివినప్పుడు కూడా మొదట ముళ్లమీద నడిచినట్టే చదివాను.

కాన్‌స్టన్స్ 1909లో అరెస్టయింది. జైల్లో నిరాహారదీక్ష చేస్తున్న మిగతా ఆడవాళ్లని పట్టుకుని ముక్కుల్లోంచీ గొంతుల్లోంచీ గొట్టాలు దించి తిండి ఎక్కిస్తున్నారు. ఈమెకి మాత్రం డాక్టర్లు గుండె పరీక్ష చేసి, గుండె బలహీనమని విడుదల చేశారు. లార్డుగారి కూతురు కదా. ఆమెకి అది భరించరానిదయింది. 1910 జనవరిలో జుట్టు కత్తిరించుకుని, చవక కళ్లజోడు పెట్టుకుని, బట్టలు కుట్టుకు బతికే జేన్ వార్టన్ అనే పేరుతో లివర్‌పూల్‌లో అరెస్టయింది. జేన్ వార్టన్ గుండె ఎవరూ పరీక్షించలేదు. ఎనిమిదిసార్లు గొట్టం దించారు. అదే మనిషి, అదే గుండె. పేరు మారింది, బట్టలు మారాయి. 1912లో పక్షవాతం వచ్చింది. అయినా ఎడమచేత్తో రాసి జైలు జ్ఞాపకాల పుస్తకాన్ని 1914లో అచ్చువేసింది. 1923లో పోయింది.

ఇప్పుడు చెప్పండి, ఇంగ్లండు వర్గ వ్యవస్థ మీద ఇంతకన్నా పదునైన వ్యంగ్యం ఎవరు రాయగలరు? కులీనురాలు పేదదాని వేషం వేసుకుని, రాజ్యం ఎవరి గుండెని గుండెగా చూస్తుందో రుజువు చేసింది. ఈ సినిమాని వర్గ వ్యవస్థ మీద మహా వ్యంగ్యంగా మనకి పాఠం చెబుతారు. కథలో ఆ వ్యంగ్యానికి అసలైన మనిషి సఫ్రజెట్ ప్రభువంశీకురాలు, చేతికి అందేంత దగ్గర్లో ఉంది. ఆమెతో వాళ్లకి తోచింది బాణం ఒక్కటే.

ఇక్కడే నా అసలు వాదన. ఆడవాళ్ల ద్వారా హక్కు సంక్రమించాలి అనే సూత్రం మీద లూయీ డ్యూకు కావాలనుకుంటున్నాడు. ఆడవాళ్లకి హక్కు కావాలి అని జైలుకి వెళ్తున్నది లేడీ అగథా. ఆ వంశంలో లూయీ తల్లి పక్షాన నిలబడగలిగిన మనిషి ఎవరైనా ఉంటే ఈమే. తల్లికి జరిగిన అన్యాయానికి ప్రతీకారం అంటూ బయల్దేరినవాడు తల్లి వైపు మనిషిని చంపేశాడు. సినిమా ఇది గమనించదు. గమనించి మనకి వదిలేసిందని వాదించేవాళ్లున్నారు. అలా వదిలేసి ఉంటే ఎక్కడో ఒక చూపు, ఒక విరామం ఉండాలి. ఎడ్వర్డియన్ చట్టం విషయంలో హేమర్ ఎంత జాగ్రత్తగా ఉంటాడో చూడండి. లూయీని హత్యానేరం మీద పట్టుకున్నప్పుడు డ్యూకు కాబట్టి మామూలు కోర్టులో కాక ప్రభువుల సభలో విచారిస్తారు. ప్రభువులకి ఉన్న ఆ హక్కు నిజంగానే ఉండేది, 1948లో, అంటే సినిమాకి ఏడాది ముందే రద్దయింది. ఆ దృశ్యం అద్భుతంగా తీశారు. ఆ సభలో ఒక్క ఆడమనిషి లేదు. ఉండటానికి వీల్లేదు. లేడీ రోండా అనే మాజీ సఫ్రజెట్, తండ్రి నుంచి తన పేరునే బిరుదు వచ్చిన మనిషి, ఆ సభలో కూర్చోనివ్వమని అడిగితే 1922లో కాదన్నారు. 1958లో జీవితకాల సభ్యత్వం చట్టం వచ్చాకే ఆడవాళ్లు ఆ గడప తొక్కారు. వంశపారంపర్య బిరుదు ఉన్న ఆడవాళ్లకి 1963 దాకా పట్టింది. అంటే లూయీ తల్లి బతికి, డచెస్ అయి ఉన్నా, కొడుకుని విచారించే సభలో ఆమెకి కుర్చీ లేదు. కథానాయకుడి సింహాసనం ఎవరి కడుపులోంచి వచ్చిందో వాళ్లకి అక్కడ చోటు లేదు. ఇంత మంచి వ్యంగ్యం కళ్లముందుంటే ఎవరికీ కనబడలేదు.

"అందర్నీ సమానంగానే వెక్కిరించారు కదా, ఆడదాన్ని ఒక్కదాన్ని మినహాయించాలా?" అని అడుగుతారు. మా పెద్దాయన అడిగారు కూడా. సమానంగా వెక్కిరించలేదని నా మనవి. పాదరీని, జనరల్ని, అడ్మిరల్ని, బ్యాంకరుని, డ్యూకుని వాళ్ల చేతిలో ఉన్న అధికారంతో వాళ్లు చేసేవాటికి వెక్కిరించారు. భార్యని ఎంచుకునేటప్పుడు మంచి సంతానం కనే జాతేనా అని పశువుల సంతలో లాగా మాట్లాడే డ్యూకుని చూసి నేను ఇప్పటికీ నవ్వుతాను, ఆ ఘట్టం పితృస్వామ్యం మీద పెట్టిన వాత. అగథాని మాత్రం లేని అధికారం అడిగినందుకు వెక్కిరించారు. ఉన్నవాడి మీదా లేనివాడి మీదా ఒకే రాయి వేస్తే అది సమానత్వం ఎలా అవుతుంది?

ఇంకో మాట అంటారు. హాస్యానికి హద్దుల్లేవు అని. నైతిక సంప్రదాయాలని ఖాతరు చేయని సినిమా తీయాలన్నదే తన ఉద్దేశమని హేమర్ కూడా తర్వాత చెప్పుకున్నాడు. సరే, చూద్దాం. ఈ సినిమాకి ఆధారం రాయ్ హార్నిమాన్ 1907లో రాసిన 'ఇజ్రాయెల్ ర్యాంక్' అనే నవల. అందులో హంతకుడు సగం యూదుడు. సినిమాలో సగం ఇటాలియన్ అయ్యాడు. ఎందుకు మారిందో ఊహించడం కష్టం కాదు. నాజీ మరణ శిబిరాలు బయటపడి నాలుగేళ్లే అయింది. పైగా ఇదే ఆలెక్ గిన్నెస్ 1948లో డేవిడ్ లీన్ 'ఆలివర్ ట్విస్ట్'లో ఫేగిన్ అనే యూదుడి వేషం వేస్తే యూదు ద్వేషం అని గొడవై, ఆ సినిమా అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు. కనుక నవలని మార్చారు. మంచి పని చేశారు, నాకే అభ్యంతరమూ లేదు. కానీ దానర్థం ఏమిటి? హద్దులు ఉన్నాయనే కదా. దేన్ని చూసి నవ్వకూడదో ఆ గదిలో కూర్చున్న మగవాళ్లకి తెలుసు. తెలిసి ఒక జాబితా వేసుకున్నారు. జైల్లో గొట్టాలు దించబడ్డ ఆడవాళ్లు ఆ జాబితాలోకి రాలేదు.

అమెరికా సెన్సారు వాళ్ల జాబితా ఇంకోటి. నేరస్తుడు తప్పించుకోకూడదని పట్టుబట్టి, చివర్లో లూయీ జైల్లో మర్చిపోయిన రాతప్రతి అధికారుల చేతికి చిక్కినట్టు అక్కడి ప్రతికి ఒక ముక్క అతికించారు. నల్లజాతివాళ్లని కించపరిచే పదమున్న ఒక పిల్లల పాటలో ఆ పదం మార్పించారు. అదీ సబబే. పడవలో పిల్ల జోకు మాత్రం ఎవరి కళ్లకీ నలుసుగా తగల్లేదు.

మగవాడు ఆడవేషం వేయడం గురించి నాకేమీ పేచీ లేదు. స్థానం నరసింహారావుగారి సత్యభామని చూసి ఇంటికొచ్చి అద్దంలో నడక సరిచూసుకున్న ఆడవాళ్ల గురించి మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆయన ఆ పాత్రలోకి వెళ్లాడు. గిన్నెస్ కూడా మహానటుడే. చర్చి దృశ్యంలో ఆరుగురు డాస్కోయిన్లు ఒకే ఫ్రేములో కూర్చుని ఉంటారు. డగ్లస్ స్లోకోంబ్ కెమెరా కదలకుండా బిగించి, ఫిల్ము మళ్లీ మళ్లీ తిప్పి ఎక్స్‌పోజ్ చేసి తీసిన ఆ షాట్ చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. అగథాకి ఆయన ముక్కు, టోపీ ఇచ్చాడు. లోపలికి వెళ్లడానికి స్క్రిప్టులో తలుపు లేదు. ఓటు అడిగే ఆడది నిజానికి మగరాయుడే అని 1900ల నాటి కార్టూన్లు చెప్పిన మాటని, ఎవరూ ఉద్దేశించకుండానే, ఆ వేషం మళ్లీ చెప్పేసింది.

సిబెల్లా గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. జోన్ గ్రీన్‌వుడ్ ఆ గొంతుతో, ఆ టోపీలతో, లూయీ కన్నా తెలివైన ఏకైక మనిషిగా సినిమాని ఎత్తుకుపోతుంది. డబ్బున్నవాణ్ణి చేసుకుంది, లూయీని వదల్లేదు, చివరికి భర్త ఆత్మహత్య ఉత్తరం దాచిపెట్టి లూయీ ప్రాణాన్ని బేరం పెట్టింది. ఇంకో పక్క ఈడిత్. వాలెరీ హాబ్సన్ చేసిన, మద్యం ముట్టని, చలువరాయిలాంటి సుశీల. జైలు గేటు బయట రెండు బగ్గీల్లో ఇద్దరూ ఎదురుచూస్తుంటారు. ఎవరిని ఎంచుకోవాలో లూయీ నవ్వుతూ ఆలోచిస్తాడు. ఒకామె బతకాలంటే ఇంకొకామె పోవాలి, ఇదీ ఆ నవ్వు అర్థం. దేవత, వేశ్య అని మన సాహిత్యమంతా పరిచిన ఆ రెండు పీటలే. సిబెల్లా తనకిచ్చిన పీటని తన్నేసి నిలబడుతుంది, అది గ్రీన్‌వుడ్ గొప్పతనం. దుర్మార్గురాలు కాకుండా తెలివైన ఆడది ఉండొచ్చన్న ఆలోచన స్క్రిప్టుకి రాలేదు.

టైటిల్ సంగతి కూడా. అది టెన్నిసన్ కవిత నుంచి తీసుకున్నది. కవిత పేరు 'లేడీ క్లారా వెర్ డి వెర్'. మంచి మనసు కిరీటాలకన్నా గొప్పది అనే నీతి మనందరికీ తెలుసు. ఆ నీతి ఎవరికి చెబుతున్నారన్నది చాలామంది గుర్తుంచుకోరు. ఒక కుర్రవాడి చావుకి కారణమైందని నింద మోస్తున్న ఉన్నతవంశపు ఆడదానికి ఒక మగవాడు చేసే హితబోధ అది. అంటే పేరు దగ్గరే ఒక ఆడదానికి చీవాట్లు పడ్డాయి.

అదే 1949లో జిల్ క్రేగీ అనే దర్శకురాలు వేల్స్ గని కార్మికుల మీద 'బ్లూ స్కార్' అనే సినిమా విడుదల చేసింది. అప్పటి బ్రిటన్‌లో సినిమా తీసే ఆడవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1940లలో ఆమె వృద్ధులైన సఫ్రజెట్లని కలుసుకుని, వాళ్ల మీద ఒక చిత్రం తీయాలని చాలా ప్రయత్నించింది. అది తెరకెక్కలేదు. సేకరించిన కాగితాలతో జీవితమంతా పుస్తకం రాస్తూనే ఉండి, 1999లో అది పూర్తి కాకుండానే చనిపోయింది. ఈ సినిమా నూరు గొప్ప చిత్రాల్లో ఆరోదిగా నిలిచిన ఏడాది అదే. ఆ తరం సఫ్రజెట్లకి తెరమీద దొరికింది ఆలెక్ గిన్నెస్ టోపీ.

శరీరం గురించి రాస్తే నీలి కవిత్వం అన్నారు. కోపంగా రాస్తే అరుపులు అన్నారు. నవ్వకపోతే హాస్యం తెలీదంటున్నారు. నాకు హాస్యం తెలుసు సార్. ఈ సినిమాలో మీకన్నా ఎక్కువచోట్ల నవ్వాను. జనరల్ ముందుకొచ్చిన కేవియర్ డబ్బా మూత తీయడం గుర్తొస్తే ఇది రాస్తుంటే కూడా నవ్వొస్తోంది. రేపు ఎవరైనా ఈ సినిమాని తీసేద్దామంటే అడ్డుపడేదాన్ని నేనే. కానీ ఒక పిల్ల లేచి పేరడిగితే నవ్వు చచ్చిపోతుందన్నారే, అంత బలహీనమైన నవ్వా మీది?

ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు వెతికాను. టైటిల్స్‌లో ఆ పాత్రకి పేరు లేదు. 'పడవలో అమ్మాయి' అని మాత్రం ఉంది. వేషం వేసినామె పేరు ఉంది: ఆన్ వాలెరీ. అప్పటికి ఆమెకి ఇరవైమూడేళ్ల లోపే. తర్వాత నటన వదిలి రచయిత్రి అయింది. 1981 నుంచి బీబీసీలో 'టెంకో' అనే ధారావాహిక వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యం సింగపూరు పట్టుకున్నాక నిర్బంధ శిబిరంలో చిక్కుకున్న ఆడవాళ్ల కథ. దాదాపు పాత్రలన్నీ ఆడవాళ్లే. ఆకలి, జబ్బు, చావు, తగాదాలు, మధ్యలో జోకులు. కథల్లో అధికభాగం రాసిన ఇద్దరూ ఆడవాళ్లే. ఒకరు జిల్ హైమ్. రెండోవారు ఆన్ వాలెరీ. ఆమె రాసిన ఆ శిబిరంలో చచ్చిపోయిన ఆడవాళ్లకి పేర్లున్నాయి. తోటివాళ్లు వాళ్లని ఆ పేర్లతోనే తలుచుకుంటారు.

ఆ అమ్మాయి పేరు నేను ఆ రోజు అడగలేదు. కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుంటున్నాను.